బొగ్గు వేడెక్కే సంగతి ఎవరి సొత్తు

బొగ్గు యార్డులో పనికి వచ్చే ఆడవాళ్ళ కోసం ఇది చెబుతున్నాను. జీతం, పీఎఫ్, సెలవులు యూనియన్ వాళ్ళు చెబుతారు. నేను ఎప్పుడు చేరాను, ఎప్పుడు మేస్త్రీనయ్యాను, అవి ఎవరికీ అక్కర్లేదు. కుప్ప మీద కాలు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు, ఈ పనంటే అదే. మిగతాదంతా నీళ్ళు కొట్టడం, ఊడవడం.

నా పేరు పైడమ్మ. సంతకం పెట్టడం వచ్చు, అంతకుమించి రాదు. నేను చెబుతుంటే కల్యాణి అనే అమ్మాయి రాస్తోంది. యాస తీసేసి అచ్చులో ఉండే భాషలో పెట్టమన్నాను. మనుషులు మాట్లాడుకున్న మాటలు మాత్రం మార్చొద్దన్నాను. తన గురించి వచ్చినచోట కలం ఆపింది. "రాయే. నా తప్పులు రాత్తన్నావు కదా, నీవీ రాయి" అన్నాక రాసింది.

కాగితంలో లేని పని

ఓడ నుంచి దిగిన బొగ్గు ఫ్యాక్టరీలకు వెళ్ళేలోపు కొన్నాళ్ళు రేవు చుట్టుపక్కల యార్డుల్లో కుప్పలుగా ఉంటుంది. నేను పనిచేసింది అలాంటి ఒక ప్రైవేటు యార్డులో. పేరు చెప్పను. మా ఆయన అక్కడే లోడరు నడిపేవాడు. ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరి పోయాడు. పోయిన నెలకే నన్ను పిలిచి పనిలో పెట్టుకున్నారు. జాలిపడ్డారనుకున్నాను. ఆ పనిలో మగవాళ్ళు నిలవడం లేదని తర్వాత తెలిసింది.

బొగ్గు తడిసి, ఆరి, మళ్ళీ తడిసి, లోపలికి గాలి తగిలితే దానంతట అదే వేడెక్కుతుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు. బయటకు పొగ కనిపించేసరికే లోపల చాలా కాలిపోయి గుల్లగా ఉంటుంది. పైన మాత్రం పెంకు కట్టి మామూలుగానే కనిపిస్తుంది. ఆ పెంకు మీద కాలు వేస్తే విరుగుతుంది. కింద ఉన్నది కుంపటి.

మాది ఎనిమిది మంది ఆడవాళ్ళ గ్యాంగు. పైపులతో నీళ్ళు కొట్టాలి, జారిపడ్డ బొగ్గు ఊడ్చి ఎగదోయాలి, వాన వచ్చేముందు టార్పాలిన్లు కప్పాలి. కాగితం మీద మా పని ఇంతే. కాగితంలో లేని పని ఇంకొకటి ఉంది. వేడి ఎక్కడ పుడుతోందో ముందే కనిపెట్టాలి. కనిపెట్టి చూపిస్తే లోడరు వచ్చి ఆ చోటు తవ్వి, బొగ్గును నేల మీద పలచగా పరుస్తుంది. చల్లారాక మళ్ళీ కుప్పకు ఎత్తుతుంది.

సన్యాసమ్మ పిన్ని

నాకు ఈ పని నేర్పింది సన్యాసమ్మ పిన్ని. అప్పట్లో మేస్త్రీ ఆవిడే. చేరిన రెండో వారం, పైపు పట్టుకుని కుప్ప అంచు ఎక్కబోతుంటే చీర కొంగు పట్టి వెనక్కి లాగింది.

"సచ్చిపోడానికొచ్చినావా, పని సెయ్యడానికొచ్చినావా?"

"నీల్లు కొడదామని పిన్నీ."

"గాలి ఎటునించి వత్తన్నాది?"

"సముద్రం కాణ్నించి."

"మరది ముందర దేనికి తగుల్తాది? నీ మొకానికి గాదే, కుప్ప పాదానికి. పెద్ద గెడ్డలన్నీ దొర్లి అక్కడే పోగడతాయి. ఆటి సందులంట గాలి లోనికెల్లిపోద్ది. బుగ్గి బొగ్గు మీద నిలబడు, గెడ్డల మీద నిలబడకు."

ఇంకోటి కూడా ఆ రోజే చెప్పింది. వాన వెలిసిన మొదటి రోజు కుప్ప చల్లగా ఉంటుంది. రెండో రోజు ఆవిరి కక్కుతుంది. దాన్ని చూసి భయపడక్కర్లేదు. మూడో రోజు ఏమీ కనపడదు. భయపడాల్సింది ఆ రోజు. పొడుగాటి ఇనుప చువ్వ పాదంలోకి దిగ్గొట్టి, ఆకూ వక్కా నమిలి ఉమ్మేంతసేపు ఉంచి, లాగి చేత్తో పట్టుకునేది. ఏ జానెడు దగ్గర చెయ్యి నిలవలేదో, కుప్పలో అంత లోతున వేడి ఉన్నట్టు. అక్కడ ఒక కర్ర పాతి గుడ్డ ముక్క కట్టేది. లోడరు డ్రైవరు గుడ్డ చూసి తవ్వేవాడు.

గుడ్డే ఎందుకంటే, కుప్ప దగ్గర ఆ మాట నోటితో అనకూడదు. వేడి ఉందని అనకూడదు, నిప్పు అనకూడదు, రాయించకూడదు. రాయిస్తే అది రోజూ వస్తుందని పిన్ని నమ్మకం. ఆవిడకు ముందున్న ఆడవాళ్ళ నమ్మకమూ అదే. మా గ్యాంగులో ఎవరూ ఆ హద్దు దాటలేదు.

సూపర్వైజరు మూర్తి గారి దగ్గర రోజువారీ రిజిస్టరు ఉండేది. అందులో కుప్పకొక గడి. వేడి ఉందా లేదా రాసి, కింద మేస్త్రీ చేత వేలిముద్రో సంతకమో పెట్టించాలి.

"ఏటి రాయమంటావు సన్నేసమ్మా? గుడ్డలు మూడు కనపడతన్నాయి" అని ఆయన అడిగేవాడు.

"నేదనే రాయండి బాబూ. ఆ మాట పొస్తకంలో ఎక్కించీకండి. గుడ్డ కట్టినాం కదేటి, తవ్వించీండి."

"నాకూ అదే సుకం. ఉందని రాత్తే పైనుంచి పది మంది ఫోన్లు."

రోజూ అన్ని గడుల్లో 'వేడి లేదు' అని రాసేవాడు. కింద పిన్ని వేలిముద్ర. ఆవిడ మానేశాక నా సంతకం. నేను సంతకం నేర్చుకున్నదే ఆ రిజిస్టరు కోసం. వానల్లో రోజుకు నాలుగు గుడ్డలు కట్టి కూడా లేదనే సంతకం పెట్టాను. మాకు నమ్మకం, ఆయనకు సుఖం. ఇరవై ఏళ్ళ పైన అలాగే నడిచింది. దాన్ని తప్పనుకోలేదు. తవ్వించాం కదా, ఎవరికీ ఏమీ కాలేదు కదా అనుకున్నాను.

ఫోన్లోకి ఎక్కిన పాదం

తర్వాత తర్వాత గ్యాంగులు మారిపోయాయి. ఏజెన్సీ మూడు నెలలకొకసారి కొత్తవాళ్ళను తెస్తుంది. నేర్చుకునేలోపు వెళ్ళిపోతారు. మూడు నెలల్లో ఎన్ని మూడో రోజులు చూస్తారు?

నిలిచింది బంగారి ఒక్కతే. ఒడ్డున చేపలవాళ్ళ వీధి పిల్ల. మొగుడు అప్పలరాజు సముద్రం మీదకు వెళతాడు. "సేపల వోసనొద్దని బొగ్గులోకొచ్చినాను పెద్దమ్మా. ఆ వోసన సబ్బుకి పోయేది, ఇది ఊపిరితో బయటికొత్తంది" అని నవ్వించేది. నా తర్వాత మేస్త్రీ అదేనని అందరికీ తెలుసు.

కల్యాణి అప్పుడే వచ్చింది. ఆనందపురం దగ్గర రైతుల పిల్ల. ఇంజనీరింగు చదివి, నలుగురు కలిసి పెట్టుకున్న చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది. యార్డులో లారీల లెక్క కోసం వచ్చి, గుడ్డలు చూసి ఆగిపోయింది.

"ఇక్కడే ఎందుకు కట్టారు పెద్దమ్మా?"

"కాలికి తెలుత్తాది."

"కాలికి ఎలాగ తెలుస్తాది? నాకు చెప్పు, నేను ఫోనుకి చెప్తాను."

వానాకాలమంతా నా వెనక తిరిగింది. గాలి ఎటు, వాన ఎప్పుడు ఆగింది, కుప్ప పోసి ఎన్నాళ్ళయింది, గడ్డలు ఎక్కడ చేరాయి, చువ్వ ఎంత లోతున కాలింది, అన్నీ రాసుకుంది. అది యార్డు రిజిస్టరు కాదు కదా అని నేను అడ్డు చెప్పలేదు. చువ్వ చివర వేడి కొలిచే చిన్న ముక్క తగిలించి ఫోనుకు కలిపింది. ఫోటో తీస్తే కుప్ప బొమ్మ వచ్చి, ఈ రోజు ఏ పాదం చూడాలో అక్కడ ఎర్రగా చూపించేది. మొదట్లో నేను నమ్మలేదు. నేను ఒకచోట గుడ్డ కట్టేదాన్ని, తను ఫోను చూసి ఇంకోచోట నిలబడేది. చువ్వ దిగ్గొడితే నేనే నెగ్గేదాన్ని. రెండో వానాకాలానికి ఇద్దరం ఒకేచోట నిలబడేవాళ్ళం.

"నీకంటే ఫోనే నయమే పెద్దమ్మా. తిట్టదు" అనేది బంగారి.

యార్డువాళ్ళు గ్యాంగుకు ఫోన్లు ఇచ్చిన ఆ ఏడు ఒక్క పెంకు కూడా విరగలేదు. నిన్న చేరిన పిల్ల కూడా ఫోను చూసి, నా ఈడుదాని లాగా పక్కకు తప్పుకునేది. ఫోను పనిచేస్తోంది కదా అని నేను చువ్వతో నేర్పడం తగ్గించేశాను. ఇది నేను చేసిన తప్పు, కల్యాణిది కాదు. కొన్నాళ్ళకు వయసు దాటిందని నన్ను పంపేశారు. చువ్వ బంగారి చేతిలో పెట్టి వచ్చాను, చువ్వ పట్టే ఓపిక పెట్టలేదు.

కల్యాణి తప్పు కూడా ఒకటుంది. దీనికి పేటెంటు వేద్దామని వాళ్ళ కంపెనీలో అనుకున్నారు. పేటెంటంటే ఏమిటని అడిగాను. ఒక పద్ధతి కనిపెట్టినవాళ్ళు కొన్నేళ్ళపాటు, మా అనుమతి లేకుండా ఇంకెవరూ ఇలా చెయ్యకూడదని సర్కారు దగ్గర కాగితం పుచ్చుకోవడమట.

"అంటే పక్క యార్డోల్లు అడిగితే?"

"డబ్బు కడితే ఇస్తాం పెద్దమ్మా."

"నాను సన్నేసమ్మకి ఏటి కట్టినానే?"

అయినా పేటెంటుకు కాగితాలు రాయడం మొదలుపెట్టారు. అవి సగంలో ఉండగానే వేరేవాళ్ళ కాగితం వచ్చింది.

నోటీసు

బయట నుంచి వచ్చిన పెద్ద కంపెనీ అది. బొగ్గు తడిసి ఆరిన లెక్క, గాలి లెక్క, కుప్ప వయసు, ఇవన్నీ కలిపి, వేడి కొలిచే పరికరం తగిలించి, ఎక్కడ అంటుకుంటుందో కంప్యూటరు ముందే చెప్పే పద్ధతి తమదట. కల్యాణి కంటే ముందే పేటెంటు తీసుకున్నారు. వాడడం ఆపకపోతే కోర్టుకు వెళతామని కల్యాణి కంపెనీకి ఒక నోటీసు, యార్డుకు ఒక నోటీసు పంపారు. యార్డువాళ్ళు ఆ రోజే ఫోన్లు తీసేసుకున్నారు.

ఆ కంపెనీ మనిషితో మాట్లాడటానికి కల్యాణి వెళుతుంటే నేనూ, బంగారీ తోడు వెళ్ళాం. రాక్షసుడు ఉంటాడనుకున్నాను. నలభై దాటని మనిషి, మాకు ముందు కుర్చీలు వేయించాడు, తర్వాత టీ తెప్పించాడు.

"అమ్మా, ఈ పరికరం మీద నేను ఏడేళ్ళు కూర్చున్నాను. ఉద్యోగం మానేసి చేశాను. ఈ పేటెంటు చూసే నాకు పెట్టుబడి ఇచ్చారు. ఇది లేకపోతే నాకంటే పదిరెట్లు పెద్దవాళ్ళు వారంలో ఎత్తుకుపోయేవాళ్ళు. అప్పుడు ఇలాంటివి తయారుచేయడానికి ఎవడు ముందుకొస్తాడు?"

కల్యాణి అంది: "సార్, మీ పరికరం మేం ముట్టుకోలేదు. మీ ప్రోగ్రాం చూడనైనా లేదు. ఈవిడ కాళ్ళ వెనక తిరిగి నేను సొంతంగా రాసుకున్నాను."

"సొంతంగా రాసినా ఒకటే. పద్ధతి ఒకటి కదా."

"ఈ దేశంలో ఉత్త ప్రోగ్రాంకి పేటెంటు ఇవ్వరంటారు."

"ఉత్త ప్రోగ్రాం కాదు. పరికరంతో కలిపి తీసుకున్నాం."

బంగారి ఊరుకోలేదు. "బాబూ, మీ పరికరం మా యార్డులో ఎప్పుడెడతారు మరి?"

"పెద్ద ప్లాంట్లకే పెడుతున్నామమ్మా. చిన్న యార్డులకు ఆ ఖర్చు గిట్టదు."

"మీరు ఎట్టరు, ఈ పిల్లని ఎట్టనివ్వరు. మరి మేం ఏటి సూసుకుని కాలెయ్యాల?"

పెట్టుబడి పెట్టిన పై వాళ్ళతో మాట్లాడతానని ఆయన అన్నాడు. కొన్నాళ్ళకు అనుమతికి ఒక రేటు చెప్పి పంపారు. నలుగురి కంపెనీ ఎత్తలేని బరువు అది.

ఆ మనిషి అబద్ధం చెప్పలేదని నేను ఇప్పటికీ అంటాను. ఏడేళ్ళు కూర్చున్నవాడికి ఒక కంచె ఉండాలి. లేకపోతే బలిసినవాడు తొక్కేస్తాడు. ఆయన బిగించిన పరికరం చుట్టూ కంచె వేసుకోనీ, నేనే కాపలా ఉంటాను. తడిసిన బొగ్గు మూడో రోజు వేడెక్కుతుందన్న సంగతి చుట్టూ కూడా కంచె వేస్తానంటే ఒప్పుకోను. ప్రోగ్రాములతో వచ్చే చిక్కంతా ఇక్కడే ఉందని కల్యాణి అంటుంది. యంత్రమైతే ఇది నీ మరమేకు, ఇది నా మరమేకు అని విడదీసి చూపించొచ్చు. ప్రోగ్రాం అంటే ఆలోచనే. ఒకరు ఆలోచన మీద కాగితం పుచ్చుకుంటే, వాళ్ళ మొహం చూడనివాళ్ళు, ఇంకో ఊళ్ళో, ఇంకో దారిలో అక్కడికే వచ్చినా దొంగలైపోతారు. చిన్నవాళ్ళకు అది తెలిసేది నోటీసు వచ్చాకే.

రిజిస్టర్లు

కల్యాణి ఒక లాయరు గారిని పట్టుకుంది. పెద్దాయన, ఓపికగా విన్నాడు. పేటెంటుకు ముందే ఈ పద్ధతి జనంలో ఉందని రుజువైతే అది నిలవకపోవచ్చన్నాడు. పుస్తకంలోనే ఉండాలని లేదట. నోటి మాటగా నలుగురికీ తెలిసినదైనా పనికొస్తుందట. అభ్యంతరం పెట్టడానికి గడువు ఇంకా ఉందన్నాడు. మాకు ప్రాణం లేచివచ్చింది. నేనున్నాను, సన్యాసమ్మ పిన్ని మంచం మీదైనా బతికే ఉంది, పాతవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు.

"మంచిది. యార్డు రికార్డు కూడా తీసుకురండి. రోజూ వేడి ఎక్కడుందో కనిపెట్టారంటున్నారు కదా, ఎక్కడో ఒకచోట రాసి ఉంటుంది."

మూర్తి గారు పాత రిజిస్టర్లు చూడనిచ్చారు. కల్యాణి పేజీ తర్వాత పేజీ ఫోటోలు తీసింది. లాయరు గారు వాటిని చాలాసేపు తిప్పారు.

"ఇందులో ఒక్కరోజు కూడా వేడి లేదే?"

"రాయించం బాబూ. అది మా పద్దతి."

"ఈ సంతకం ఎవరిది?"

"నాదే."

"మీరు కనిపెట్టామంటారు. మీ సంతకం కింద అసలు ఏమీ లేదని ఉంది. అవతలివాళ్ళు మొదట ఈ పుస్తకమే తీస్తారు. ఇవన్నీ అబద్ధమని ప్రమాణం చేసి చెప్పగలరా అమ్మా?"

చెబుతాననే అన్నాను. ఆ సాయంత్రం మూర్తి గారు మా ఇంటికి వచ్చారు. గడప మీదే కూర్చున్నారు.

"పైడమ్మా, నన్ను రోడ్డు మీద పెట్టీకు. ఇంకో రెండేళ్ళు ఒగ్గీ, రిటైరైపోతాను. ఆ రాత నాది. జైల్లో ఎట్టీగలరు నన్ను."

ఆయన మా ఆయన పోయినప్పుడు శవం మోసిన మనిషి. నేను లాయరు గారి దగ్గరకు మళ్ళీ వెళ్ళలేదు. ఒంట్లో బాగోలేదని కల్యాణితో చెప్పించాను. గడువు దాటిపోయింది. ఎవరికో నోటీసు వచ్చింది, ఎవరి ఫోనో ఆగిపోయింది, చువ్వ ఉంది కదా, బంగారి చూసుకుంటుంది అని నాకు నేనే చెప్పుకున్నాను.

బంగారి

అల్పపీడనం పట్టి నాలుగు రోజులు వాన కురిసి వెలిసింది. మూడో రోజు పొద్దున్న బంగారి మూడో కుప్ప సముద్రం వైపు పాదం మీద టార్పాలిన్ మడత పెడుతోంది. గ్యాంగులో కొత్తగా చేరిన ఇద్దరు ఆడపిల్లలు అటు వెళ్ళబోతే, వాళ్ళకు తెలియదని తనే వెళ్ళిందట. పెంకు విరిగి నడుము దాకా దిగిపోయింది. పిల్లలు టార్పాలిన్ అంచు అందించి లాగారు. లోపలి నుంచి మంట ఆ రంధ్రంలో పైకి లేచింది.

ఆసుపత్రిలో నన్ను లోపలికి పంపారు. దుప్పటి కింద ఏమీ చూడనివ్వలేదు. మొహం బాగానే ఉంది.

"పెద్దమ్మా, నిన్న నిలబడ్డ సోటే. నిన్న ఏటీ అవ్వలేదు."

"సువ్వ దిగ్గొట్టినావా?"

"నాలుగో కుప్పకి కొట్టినాను. ఇది ఫోన్లో ఎప్పుడూ ఎర్రగొచ్చేది కాదు పెద్దమ్మా. అందుకే కొట్టనేదు."

మూడో కుప్పను ఫోను ఉన్న చివరి రోజుల్లో చూసింది. అప్పుడు అది కొత్త బొగ్గు. తర్వాత ఫ్యాక్టరీకి ఎత్తక పాతబడింది. కుప్ప వయసు మారితే ఫోను మాట మార్చేది. ఫోను ఆగిపోయింది, బంగారి కళ్ళలో పాత బొమ్మ మిగిలిపోయింది. బంగారి ఆసుపత్రిలో నాలుగు రోజులు బతికింది.

ఆఫీసరు ముందు

విచారణకు ఒక ఆఫీసరు వచ్చాడు. యార్డువాళ్ళు రిజిస్టరు ముందు పెట్టారు. ఆ రోజు పొద్దున్న రాసింది, మూడో కుప్ప, వేడి లేదు. కింద బంగారి సంతకం. వేడి ఉందని మాకు ఎవరూ చెప్పలేదు, మనిషే సరిగా చూసుకోక దిగబడింది అన్నారు. మనిషి పోయాక కూడా దాని సంతకమే దాని మీద సాక్ష్యం చెబుతోంది.

నన్ను ఎవరూ పిలవలేదు. వెనక నుంచి లేచి ముందుకు వెళ్ళాను.

"బాబూ, ఆ పొస్తకం అంతా అబద్దం."

"మీరెవరు?"

"ముందరున్న మేస్త్రీని. ఆ పిల్లకి నేదని రాయించడం నేర్పింది నానే. పాత పేజీలు తిప్పండి, నా సంతకాలున్నాయి. వేడి నేని వానాకాలం ఒక్కటీ నేదు."

"అన్ని సంతకాలూ అబద్ధమేనా? తెలిసే పెట్టారా?"

"తెలిసే ఎట్టినాను."

ఆయన నేను చెప్పింది చెప్పినట్టు రాయించి, చదివి వినిపించి, సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. మూర్తి గారు అక్కడే గోడకు ఆనుకుని ఉన్నారు. నా వైపు చూడలేదు. తర్వాత ఆయన్ను పనిలోంచి తీసేశారు. పైవాళ్ళను ఎవరినీ ఏమీ అనలేదు.

లాయరు గారు నా వాంగ్మూలం చదివి, ఇది గడువులోపు వచ్చి ఉంటే పనికొచ్చేదన్నారు. ఇప్పుడు కోర్టుకే వెళ్ళాలట, ఏళ్ళు పడుతుందట. ఫోను ఆగే ఉంది.

దినకార్యం అయ్యాక అప్పలరాజు దగ్గరకు వెళ్ళాను. పడవ పక్కన కూర్చుని వల సరిచేస్తున్నాడు. తిడతాడనుకుని వెళ్ళాను, తిట్టించుకోవాలనే వెళ్ళాను.

"ఆపీసరు ముందర సెప్పినావట కదా పెద్దమ్మా."

"సెప్పినాను అల్లుడూ."

"అదే మాట అంతకుముందు లాయరు అడిగినాడంట. అప్పుడు సెప్పుంటే ఆ ఫోను మల్లీ ఎట్టేవోరా?"

"ఏమో అల్లుడూ. ఎట్టినా ఎట్టేవోరు."

వల కన్ను ముడి వేసి, దారం పళ్ళతో కొరికాడు.

"నానేటీ అనను. నిన్ను ఏటీ అనొద్దని అదే అన్నాది ఆసుపత్రిలో" అన్నాడు. మళ్ళీ వల మీదకు వంగాడు. నేను లేచి వచ్చేశాను.

గేటు దగ్గర

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. చూసింది రాయించండి. కుప్ప పేరు, పాదం, రోజు, చువ్వ ఎంత లోతున కాలింది. రాయనంటే సంతకం పెట్టకండి. రాస్తే మళ్ళీ వస్తుందని ఎవరైనా అంటే నా దగ్గరకు పంపండి. తెల్లగా బూడిద పూసినట్టున్న పెంకు నిన్న మోసినా ఈ రోజు మోయదు. వేడి పుట్టిన చోట పైనుంచి నీళ్ళు గుమ్మరించకండి, ఆవిరి ఎగదన్ని మొహం కాలుతుంది. తవ్వి, పరిచి, అప్పుడు తడపాలి. ఫోను ఇచ్చినా, చువ్వ వదలకండి.

ఇప్పుడు వాన వెలిసిన మూడో రోజు పొద్దున్నే యార్డు గేటు ఎదురుగా టీ బడ్డీ దగ్గర నిలబడుతున్నాను. షిఫ్టులోకి వెళ్ళే ఆడవాళ్ళను ఆపి, గాలి చూసి, ఏ పాదం మీదకు వెళ్ళకూడదో చెబుతాను. కొందరికి మన భాష రాదు. వాళ్ళకు నేల మీద బొగ్గుతోనే కుప్ప బొమ్మ గీసి చూపిస్తాను. మొదట్లో సెక్యూరిటీవాడు తరిమాడు.

"ఎలిపో ముసిల్దానా. నీకూ నోటీసొత్తాది, అది కంపెనీ పద్దతంట."

"రమ్మను నాయినా. సదవడం రాదు కదా నాకు."

అందరూ నవ్వారు. వాడూ నవ్వి, అప్పటినుంచి ఊరుకుంటున్నాడు. నోటీసు నాకు రాదని కల్యాణి చెప్పింది. మనిషి కాలితో చూసి నోటితో చెబితే ఎవరూ ఆపలేరట. అదే మాట పరికరం కలిపిన ఫోను చెబితే తప్పట. నా నోరు పనిచేసేది వినిపించినంత దూరమే. ఫోన్లోదైతే ఒకసారి రాస్తే, ఎన్ని యార్డులుంటే అన్ని యార్డుల్లో ఒకేసారి పలికేది. దాన్నే ఆపారు.

మొన్న ఒక మనిషి వచ్చింది. నాకు తెలిసిన మనిషి కాదు. అచ్యుతాపురం వైపు ఏదో ఫ్యాక్టరీ బొగ్గు కుప్పల దగ్గర చేస్తుందట. ఎవరో చెప్పగా విని, రెండు ఆటోలు మారి వచ్చింది.

"అమ్మా, మా గేటుకాడకీ ఒకపాలి రావా? మాకాడ అందరం కొత్తోల్లమే."

"వత్తాను. ఏ రోజు రమ్మంటావు?"

"వాన ఎలిసిన మూడో రోజు."

వాన ఊరంతటికీ ఒక్కసారే వెలుస్తుంది. అక్కడా మూడో రోజు, ఇక్కడా అదే మూడో రోజు, నేనేమో ఒక్కదాన్ని.